ఫిలడెల్ఫియాలో అచ్చయిన పల్నాడు

అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద నరసరావుపేట దాటి పిడుగురాళ్ల వైపు పోతుంటే నకరికల్లు అడ్డరోడ్డు వస్తుంది. ఫాల్గుణంలో వెళితే ఈ చుట్టుపక్కల కల్లాల నిండా మిర్చి ఎర్రగా పరిచి ఉంటుంది. తాలుకాయ ఏరే ఆడవాళ్లు, మబ్బు పట్టగానే పరదాల కోసం పరుగెత్తే రైతులు, గుంటూరు యార్డుకు టిక్కీలు ఎత్తించే హడావిడి. నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్లొచ్చాక నిలబడ్డ వ్యవసాయం ఇది. మండల కేంద్రం, సత్తెనపల్లి నియోజకవర్గం, 2022 ఏప్రిల్ 4 నుంచి నరసరావుపేట కేంద్రంగా ఏర్పడ్డ పల్నాడు జిల్లా. నకరికల్లు గురించి ఈపాటి సంగతులు ఎవరైనా చెబుతారు.

నూటయాభై ఏళ్ల కింద ఈ దారి వెంట మనుషులు కరువులో ఎలా బతికారు, ఏ గ్రామదేవతకు ఎలా కొలుపు చేశారు, మాదిగపల్లెలో పెద్ద ఎవరు, ఆయన ఎవరి దగ్గర యోగం నేర్చుకున్నాడు అని అడిగితే మాత్రం ఊళ్లో జవాబు చెప్పేవాళ్లు తక్కువ. అలాగని ఆ సంగతులు గాలికి పోలేదు. అచ్చులో ఉన్నాయి. కాకపోతే ఆ అచ్చు పడింది ఫిలడెల్ఫియాలో, బోస్టన్‌లో, లండన్‌లో. అక్కడి చర్చి సభ్యులు చందాలు ఇవ్వాలి కదా, వాళ్ల కోసం రాసిన పుస్తకాలవి. రాసినవాళ్లు మిషనరీలు. ఇప్పుడవి పాత పుస్తకాల వ్యాపారుల జాబితాల్లో తేలుతున్నాయి.

నకరికల్లు ఉన్న చోటు గమనించండి. దక్షిణాన నరసరావుపేట, పైన గురజాల. గురజాలలో అమెరికన్ లూథరన్లు 1849లోనే కాలూనారు. వినుకొండలోనూ నరసరావుపేటలోనూ అమెరికన్ బాప్టిస్టులు 1883లో స్టేషన్లు పెట్టారు. ఇంకాస్త తూర్పున, గుంటూరు దారిలో ఫిరంగిపురం అంతకుముందు నుంచీ కథోలికుల ఊరు. మూడు శాఖలవాళ్లు, మూడు రకాల పుస్తకాలు. ఈ ఊరి పేరు పట్టుకుని వెతికితే చిక్కేది తక్కువ. ఈ దారిని పట్టుకుని వెతకాలి.

దారి పట్టుకున్నా పేర్లు ముప్పుతిప్పలు పెడతాయి. పాత పుస్తకాల్లో నరసరావుపేట 'నర్సరావపెట్ట', పల్నాడు 'పల్నాడ్'. పైగా జిల్లా ఒకటి కాదు. గుంటూరు జిల్లాను 1859లో రద్దు చేసి పంచేశారు, 1904లో గానీ మళ్లీ ఏర్పాటు చేయలేదు. అందువల్ల ఆ మధ్యకాలం నాటి పల్నాడు సమాచారం కావాలంటే గోర్డన్ మెకంజీ 1883లో తెచ్చిన కృష్ణా జిల్లా మాన్యువల్ తిరగేయాలి. గుంటూరు పేరు మీద వెతికేవాడు అక్కడే ఆగిపోతాడు.

మొదట దొరకబుచ్చుకోవాల్సిన పుస్తకం నా లెక్కలో 'ద లోన్ స్టార్'. నెల్లూరులో పనిచేసిన డేవిడ్ డౌనీ రాశాడు. 1893లో ఫిలడెల్ఫియాలో బాప్టిస్టుల ప్రచురణ సంస్థ వేసింది. ఒంటరి నక్షత్రం అన్న పేరు వెనుక ఒక కథ ఉంది. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో మొదలుపెట్టిన మిషన్‌కు పదమూడేళ్లయినా చెప్పుకోదగ్గ ఫలితం లేదు. 1853లో అమెరికాలో ఆల్బనీ పట్టణంలో సభ జరిగి, దీన్ని మూసేద్దామా ఉంచుదామా అని తర్జనభర్జన పడ్డారు. గోడకు వేలాడే పటంలో మిషన్ ఉన్న చోటల్లా నక్షత్రం గుర్తు పెడితే తెలుగుదేశంలో నెల్లూరు దగ్గర ఒక్కటే కనిపించింది. ఆ రాత్రి శామ్యూల్ స్మిత్ అనే పాస్టరు దాని మీద గేయం రాశాడు. అమెరికన్లు ఈనాటికీ పాడుకునే దేశభక్తి గీతం 'అమెరికా' రాసింది కూడా ఆయనే. మర్నాడు ఆ గేయం చదివి వినిపిస్తే సభ కరిగిపోయి మిషన్ కొనసాగింది. తర్వాత ముప్పై ఏళ్లకు ఆ నక్షత్రాల వరసలో నరసరావుపేట కూడా చేరింది.

ఈ పుస్తకం ప్రతి ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. గుడ్డ బైండు, వెన్ను దగ్గర రంగు వెలిసింది. లోపలి అట్ట మీద ఏదో అమెరికా పల్లెలోని సండే స్కూల్ లైబ్రరీ చీటీ, పుస్తకం ఎన్నాళ్లు ఉంచుకోవచ్చో నియమాలతో సహా అంటించి ఉంది. కాగితం అంచుల్లో గోధుమరంగు మచ్చలు. కుట్టు మాత్రం గట్టిగా ఉంది. ఆ చీటీ చూస్తే అసలు పాఠకుడు ఎవరో అర్థమవుతుంది. నరసరావుపేట ఎక్కడుందో ఎన్నడూ చూడబోని పన్నెండేళ్ల పిల్లవాడు ఆదివారం పూట చదివి, డబ్బాలో పైసలు వేయాలి. పుస్తకం నడక అంతా అందుకు తగ్గట్టే ఉంటుంది: కష్టం, ప్రార్థన, విజయం, ఆపై అంకెలు.

అంకెల మాటకొస్తే 2,222 గురించి చెప్పకుండా కుదరదు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ 1876–78 నాటి మహా కరువులో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. కూలికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. కరువు నడుస్తున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, కూడు కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. చందాదారులకు ఇంతకు మించిన వార్త ఏముంటుంది? అప్పటి నుంచి అచ్చయిన ప్రతి మిషన్ పుస్తకంలోనూ ఆ అంకె ఊరేగుతుంది. ఆ రోజు నీళ్లలో దిగిన మనుషుల పేర్లు మాత్రం ఆ ఊరేగింపులో వినిపించవు.

పేర్లు కావాలంటే క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ రాసిన 'వైల్ సోయింగ్ శాండల్స్' చదవాలి. 1899 నాటిది. చెప్పులు కుడుతూ చెప్పుకున్న కబుర్లు అన్నట్టుగా, మాదిగ పెద్దల నోట విన్నవి విన్నట్టు రాసుకుంది ఆమె. యర్రగుంట్ల పేరయ్య కథ ఇందులో ఉంది. క్రైస్తవంలోకి రాకముందే ఆయన రాజయోగం నేర్చినవాడు. నేర్పిన గురువుల్లో ఒక స్త్రీ కూడా ఉంది. పోతులూరి వీరబ్రహ్మం గారి ప్రస్తావన ఉంది, ఊళ్లు తిరుగుతూ అంటరానివాళ్లను శిష్యులుగా చేసుకున్న యోగుల ముచ్చట్లున్నాయి. దొర వచ్చి దీపం వెలిగించేదాకా అక్కడంతా చీకటే అన్న మిషన్ కథను ఆ ఇంటి మనిషి రాసిన పుస్తకమే గండి కొట్టింది. భర్త చెప్పగా రాసిపెట్టుకున్న ఆయన ఆత్మకథ 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్'ను కూడా, ఆయన పోయాక 1914లో ఆమే అచ్చు వేయించింది. రెండూ పక్కపక్కన పెట్టుకోవాల్సిన పుస్తకాలు. పల్నాడు, ఒంగోలు ప్రాంతాల మాదిగ కుటుంబాలకు తాతముత్తాతల లోకం మొదటిసారి అచ్చులో కనిపించేది ఇలాంటి చోట్లే. తొలి ముద్రణ, చెదలు తినని ప్రతి కనబడితే బేరమాడకుండా కొనమంటాను.

లూథరన్ల వైపు కథానాయకుడు ఫాదర్ హయ్యర్. జర్మనీలో 1793లో పుట్టి, అమెరికా వెళ్లి, 1842 జూలై 31న గుంటూరులో దిగాడు. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. గుంటూరు సీమలో లక్షకు పైగా జనాన్ని పొట్టన పెట్టుకున్న నందన కరువు ముగిసి పదేళ్లు కూడా కాలేదు. ఆరోగ్యం చెడి అమెరికా తిరిగి వెళ్లినవాడు ఊరుకోకుండా బాల్టిమోర్‌లో డాక్టరీ చదివి పట్టా పుచ్చుకుని మళ్లీ వచ్చాడు. 1849లో గురజాలకు మకాం మార్చాడు. శ్రీనాథుడు జొన్నకూడు తినలేక చాటువుల్లో ఆడిపోసుకున్న సీమ అది. ఏడెనిమిదేళ్ల తర్వాత వెళ్లిపోయాడు. కథ అయిపోయిందనుకున్నారు. 1869లో రాజమండ్రి మిషన్‌ను ఇంగ్లండ్ వాళ్ల చర్చ్ మిషనరీ సొసైటీకి అప్పగించేయబోతున్నారని తెలిసి, 76 ఏళ్ల ముసలాయన మూడోసారి ఓడెక్కాడు! మొండితనంలో పలనాటి మనిషికి తీసిపోడు.

హయ్యర్ మీద బాక్‌మన్ రాసిన 'దే కాల్డ్ హిమ్ ఫాదర్' మిషన్ నూరేళ్ల సందర్భంగా 1942లో వచ్చింది. స్వేవ్లీ సంపాదకత్వంలో 'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఇన్ ది ఆంధ్ర కంట్రీ' కూడా ఆ ఏడాదిదే. అంతకుముందు వుల్ఫ్ రాసిన 'ఆఫ్టర్ ఫిఫ్టీ ఇయర్స్' 1896 నాటిది. గుంటూరులో ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రిగా పిలుచుకునే దాన్ని నిలబెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చింది. ఆసుపత్రి కథను తనే 1928లో పుస్తకంగా రాసింది. వీటిలో కుగ్లర్‌ది నాకు ఇష్టం. డాక్టరు కాబట్టి ప్రసంగం తక్కువ, పని ఎక్కువ. మిగతావి చదవడానికి ఓపిక కావాలి, దాచడం లేదు.

ఇలాంటి పాత మిషనరీ పుస్తకాలు పోగేయడం ఒక పెద్ద విద్యగా, పరువైన అలవాటుగా నడిచే దేశం న్యూజిలాండ్. అక్కడి మూలవాసులైన మావోరీల చరిత్ర, తొలి మిషనరీల జీవితం మీద వచ్చిన పుస్తకాలకు ప్రత్యేకంగా వ్యాపారులున్నారు, వేలాలు జరుగుతాయి. మచిలీపట్నానికి 1841లో రాబర్ట్ నోబుల్‌ను, హెన్రీ ఫాక్స్‌ను పంపిన చర్చ్ మిషనరీ సొసైటీయే అంతకుముందే, 1814లో, మావోరీల దగ్గరికి మనుషుల్ని పంపింది. అందుకే ఆ సొసైటీ పాత పత్రికల సంపుటాల్లో బందరు, న్యూజిలాండ్‌లోని బే ఆఫ్ ఐలండ్స్ ఒకే బైండులో ఉంటాయి. న్యూజిలాండ్ సేకర్త వదిలేసే పుటలు మనకు పనికొస్తాయి.

మావోరీ భాషలో అచ్చయిన మొదటి పుస్తకం థామస్ కెండాల్ 1815లో సిడ్నీలో వేయించిన చిన్న వాచకం. ప్రపంచంలో దాని ప్రతి ఒక్కటే మిగిలింది, ఆక్లండ్ మ్యూజియంలో ఉంది. మన వైపు చూస్తే, బెంజమిన్ షుల్ట్జ్ జర్మనీలోని హాలేలో 1746–47లో వేసిన తెలుగు పుస్తకాలు దానికంటే డెబ్బై ఏళ్లు ముందువి. ఆ సంగతి తెలిసినవాళ్లు మనలో ఎందరు?

న్యూజిలాండ్‌లో ఈ పుస్తకాలు పోగేసే అలవాటు సరదా దగ్గర ఆగలేదు. విలియం కొలెన్సో అనే కుర్ర ప్రింటరు 1834 చివర్లో అచ్చుయంత్రంతో పైహియా చేరాడు. పెట్టెలు విప్పి చూస్తే అచ్చుపనికి కావలసిన సామాన్లు ఎన్నో లేవు, ఆఖరికి కాగితం కూడా పంపలేదు. అయినా కిందామీదా పడి 1837కల్లా మావోరీ కొత్త నిబంధన అచ్చేశాడు. 1840 ఫిబ్రవరిలో వైటాంగి దగ్గర బ్రిటిష్ వాళ్లకూ మావోరీ పెద్దలకూ ఒడంబడిక జరుగుతుంటే ఇతను పక్కనే ఉన్నాడు. సంతకాలు మొదలయ్యే సమయంలో లేచి, వీళ్లకు ఇందులో ఏముందో అర్థమైందా అని గవర్నర్ హాబ్సన్‌ను అడిగాడు. ఆనాటి సంగతులన్నీ రాసిపెట్టుకుని 1890లో చిన్న పుస్తకంగా వేశాడు. 1975లో వైటాంగి ట్రిబ్యునల్ ఏర్పడి మావోరీల భూముల ఫిర్యాదులు వినడం మొదలయ్యాక, ఇలాంటి పాత రాతలు సాక్ష్యాల బల్ల మీదికి చేరాయి. డునెడిన్‌లో డాక్టర్ హాకెన్ సేకరణ 1910లో, వెల్లింగ్టన్‌లో టర్న్‌బుల్ దేశానికి రాసిచ్చిన పుస్తకాలు 1920లో జనానికి అందుబాటులోకి వచ్చాయి కాబట్టి సాక్ష్యం కోసం లండన్ పరుగెత్తే అవసరం తగ్గింది. ఇద్దరు సొంత డబ్బు పెట్టి కొన్న పుస్తకాలవి.

మనకు హాకెన్లు లేరా అంటే ఉన్నారు. కల్నల్ మెకంజీ (మాన్యువల్ తెచ్చిన గోర్డన్ మెకంజీ వేరు) కోసం కావలి సోదరులు ఊరూరా రాయించిన కైఫియతులు అనే గ్రామ చరిత్రలు, సి.పి. బ్రౌన్ జీతం ఖర్చుపెట్టి పోగేసిన రాతప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో నిలిచాయి. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం పాత పత్రికలకు పుట్టిల్లు. గుంటూరులో లంకా సూర్యనారాయణ గారు సేకరించిన పుస్తకాలతో అన్నమయ్య గ్రంథాలయం వెలసింది. మిషనరీ పుస్తకాల మీద మాత్రం మనవాళ్లకు చిన్నచూపు. అవి చర్చి పుస్తకాలు, మనకెందుకని కొందరు. చర్చివాళ్లేమో పాత ఇంగ్లిషు పుస్తకాలు ఎవరు చదువుతారని బీరువాల్లో పెట్టి తాళం వేస్తారు. ఆ బీరువా తెరిచేది చెద పట్టాకే.

చిన్నచూపుకు కారణం లేకపోలేదు. పోలేరమ్మ కొలుపునూ అంకమ్మ జాతరనూ భయంకర దృశ్యాలుగా రాసి, కిందనే చందా విన్నపం పెట్టిన పుస్తకాలు బోలెడు. ఫొటోల్లో దొర పేరు, దొరసాని పేరు, వాళ్ల కుక్క పేరు కూడా ఉంటాయి. పక్కన నిలబడ్డ తెలుగు ప్రసంగీకుడు 'నేటివ్ ప్రీచర్', బైబిలు చేతబట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన అమ్మ 'బైబిల్ ఉమన్'. అంతే. కోపం రాక మానదు. అయితే అదే తానులో ఎల్‌మోర్ లాంటివాడూ ఉన్నాడు. తెలుగు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీగా ఉంటూ గ్రామదేవతల మీద ఆయన చేసిన పరిశోధన 1915లో పుస్తకమైంది. కొలుపులో ఎవరు ముందు నడుస్తారు, దున్నను ఎవరు నరుకుతారు, దేవత పూనే మాతంగి ఎవరిని తిడుతుంది అన్నవి వరసగా రాశాడు. దేవత మీద ఆయనకు నమ్మకం లేదు, కానీ చూసింది చూసినట్టు రాశాడు. దొరలు తమ గురించి చెప్పుకున్న గొప్పలు దాటేసి, దారిలో కనబడినవాళ్ల గురించి పనిలో పనిగా రాసేసిన వాక్యాల దగ్గర ఆగాలి. సరుకంతా అక్కడే ఉంది.

ఇక ఆ పుస్తకాలు ఒక్కటే అరలో పెట్టుకుంటే సగం బొమ్మే కనిపిస్తుంది. పక్కన ఇటువైపు మాట ఉండాలి. అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో పరిష్కరించి అచ్చేసిన 'పల్నాటి వీర చరిత్ర' ఉండాలి. జీన్ రోఘేర్ అనే అమెరికన్ పల్నాటి వీరుల కథను గాయకుడు అలిసెట్టి గాలెయ్య నోట రికార్డు చేసి 1982లో ఆక్స్‌ఫర్డ్‌లో వేయించిన ఇంగ్లిషు పుస్తకమూ ఉండాలి. గాయకుడి పేరు పుస్తకంలోకి ఎక్కింది, చూశారా! మిషన్ పుస్తకాలకూ దీనికీ నడుమ ఎంత దూరమో ఆ ఒక్క పేరు చెబుతుంది. సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ రాసి, సర్కారు నిషేధించిన 'మాలపల్లి' పాత ముద్రణ దొరికితే అదృష్టమే.

అన్నిటికంటే ముందు కవి జాషువా. బాప్టిస్టులు వినుకొండలో స్టేషన్ పెట్టిన పన్నెండేళ్లకు, 1895లో, ఆ ఊళ్లోనే పుట్టాడు. పాస్టరు కొడుకు. గుంటూరు లూథరన్ శిక్షణ పాఠశాలలో పంతులుగా పనిచేశాడు. క్రైస్తవుడై కావ్యాలు రాస్తాడా అని అటువైపూ, మాలమాదిగల పిల్లవాడికి కావ్యాలేమిటని ఇటువైపూ తిట్లు తిన్న మనిషి 'నా కథ' రాసుకున్నాడు. మిషన్ చరిత్రలన్నీ ఎంతమందిని చేర్చుకున్నారో లెక్క చెబుతాయి. చేరాక బతుకు ఎలా ఉందో కావాలంటే జాషువాను తెరవాలి.

నకరికల్లులో కూర్చుని ఈ సేకరణ మొదలుపెట్టాలంటే పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు. 'లోన్ స్టార్', 'వైల్ సోయింగ్ శాండల్స్', క్లౌ ఆత్మకథ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఫోన్లోనే ఉచితంగా చదువుకోవచ్చు. ముందు చదివి, తర్వాతే కొనాలి. పాఠం కోసం అసలు ప్రతి అక్కర్లేదు కనుక డబ్బు పెట్టేది మడతపెట్టిన పటం, ఫొటోల పుటలు, పాత యజమాని రాతలు ఉన్న ప్రతికే పెట్టాలి. పటం చిరిగిందేమో, ఫొటోలు కత్తిరించారేమో పుట పుటా లెక్కపెట్టుకోవాలి. ఆన్‌లైన్‌లో 'పాత పుస్తకం' పేరుతో నిన్న ప్రింటు తీసినవి అంటగట్టేవాళ్లున్నారు, కొత్త అట్ట ఫొటో చూడగానే అనుమానించండి. చిరుగులకు సెల్లోటేపు అసలు వేయకూడదు, దాని జిగురు కొన్నేళ్లకు కాగితాన్ని పసుపు చేసి తినేస్తుంది. ఎండాకాలం మిర్చి బస్తాలున్న గదిలో పుస్తకాలు పెట్టొద్దు, ఘాటు మాట అటుంచి దుమ్ము వదలదు. లైబ్రరీ ముద్ర ఉన్న ప్రతి కనబడితే అది తొలగించిన పుస్తకమన్న ముద్ర కూడా ఉందో లేదో చూసి గానీ డబ్బివ్వకండి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీదా, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలోనూ వెతకడానికి బస్సు ఛార్జీలు చాలు.

అచ్చు పుస్తకాల కంటే తొందరపడాల్సినవి చేతిరాత రిజిస్టర్లు. పల్నాడు పల్లెల్లో పాత చర్చి ఉన్నచోట బాప్తిస్మం, పెళ్లి, సమాధి పద్దులు ఉంటాయి. ఫిలడెల్ఫియా వాళ్లు అచ్చులో వదిలేసిన పేర్లు, ఇంటిపేర్లతో సహా, ఆ పద్దుల్లో ఉన్నాయి. వాటిని కొనకూడదు, అమ్మనివ్వకూడదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతి పురావస్తువే, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. చర్చి పెద్దలను అడిగి, వాళ్ల ఎదుటే, పగటి వెలుతురులో ఫోన్‌తో పుట పుటా ఫొటో తీసి, ఒక కాపీ వాళ్లకే ఇచ్చి రావాలి. జూన్‌లో వానలు పడకముందే ఆ పని పెట్టుకోవడం మంచిది.